ఖాళీగా తిరిగొచ్చే సీసా

1983 మే 14, శనివారం

ఆయనకు మళ్లీ కిడ్నీలో రాయి నొప్పి. నీళ్లు బాగా తాగాలని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి రోజూ పెద్ద సీసా నింపి పోర్టుకు పంపుతున్నాను. పాలకూర మానేశాను, కూరల్లో ఉప్పు తగ్గించాను. అయినా ఎందుకొచ్చిందో!

సాయంత్రం ఆయనతో పనిచేసే అప్పలరాజు చూడ్డానికొచ్చి నోరు జారాడు. "క్రేనెక్కితే బావ సుక్క నీరు ముట్టడక్కా. ఒంటేలుకి దిగితే పనాగిపోతాది కదేటి? సీసా కింద మాకే ఇచ్చేత్తాడు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిది గంటలు, ఈ ఎండల్లో, క్రేను మీది ఆ ఇనుప గదిలో!

రోజూ ఖాళీ సీసా కడుగుతూ, అంతా తాగేశారని మురిసిపోయాను. తాగిన అప్పలరాజు మాత్రం నిక్షేపంలా ఉన్నాడు.