ఒంటిగంట దాకా

ప్రియమైన క్లైవ్‌కి,

ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం మర్యాద కనుక రాశాను. ఆ చలి సముద్రంలో నీ దగ్గు తగ్గిందో లేదో రాయి. పబ్బు పైకప్పు ఇంకా కారుతోందా అని అడిగావు. కారుతోంది. బల్ల చివర బకెట్ పెట్టాను. రోజూ వచ్చే టెరీ, అందులో బీరు నింపమని నన్ను ఏడిపిస్తున్నాడు.

ఇక నువ్వు అసలడిగిన సంగతి. పబ్బు రాత్రి ఒంటిగంట దాకా తెరవడానికి ఊరి కౌన్సిల్ ఒప్పుకుంటే, ఓడలో వంటపని మానేసి ఇంటికొచ్చేస్తానన్నావు. రేవు దగ్గర కొత్త బార్లు వచ్చాక కుర్రకారంతా పది కాగానే అటే పోతోంది. పదకొండుకే మూసేస్తే మన పబ్బు ఈ క్రిస్మస్ చూడదు. కౌన్సిల్ కుదరదందని ఊళ్లో అందరికీ చెప్పాను.

"ఆ ఎదురింటి హావెట్ ముసల్ది అడ్డుపడి ఉంటుంది. మనం నవ్వితే దానికి కడుపుమంట," అన్నాడు టెరీ.

"నోర్మూసుకుని తాగు," అన్నాను.

మన దరఖాస్తు మీద విచారణకి ఆవిడ వచ్చిన మాట నిజమే. ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుంది. ముగ్గురు కౌన్సిలర్ల ముందు నిలబడి, మన మీద ఒక్క చెడ్డమాట కూడా అనలేదు.

"మా ఆయన సిడ్‌కి మతి పోయిందండీ. నన్నే గుర్తుపట్టడు. పబ్బు మూసేవేళ జనం గొంతులు వినబడితే మాత్రం, స్నేహితులు పిలుస్తున్నారనుకుని లేస్తాడు. టోపీ పెట్టుకుని, తలుపు తియ్యమని ఏడుస్తాడు. పదకొండింటికైతే ఎలాగో సముదాయిస్తున్నా. ఒంటిగంటకి లేస్తే ఇక తెల్లారేదాకా పడుకోడు. నాకు ఎనభై దాటాయి. నావల్ల కాదు."

ఇంట్లో సిడ్ ఒంటరిగా ఉన్నాడని, తన మాట చెప్పేసి, తీర్పు వినకుండానే వెళ్లిపోయింది.

మన సిడ్, క్లైవ్! శనివారాలు పియానో పక్కన నిలబడి పాడేవాడే, ఆ సిడ్. మనిషి రావడం మానేస్తే, ఎదురింట్లోనే ఉన్నా, ఎలా ఉన్నాడని ఒక్కసారీ వెళ్లి అడగలేదు మనం.

అయినా కౌన్సిలర్లు మనవైపే మొగ్గారు. ఊళ్లో వ్యాపారాలు బతకాలన్నారు. "చివరగా ఏమైనా చెప్పుకుంటారా?" అని అధ్యక్షురాలు అడిగింది. "ఏమీ లేదు" అంటే సరిపోయేది, అనుమతి వచ్చేసేది.

"మా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాను.

కౌన్సిల్ కుదరదనలేదు, క్లైవ్. నేనే వద్దన్నాను. ఫోనులో చెబుదామని మొదలుపెట్టి, ప్రతిసారీ వాన సంగతి మాట్లాడి పెట్టేశాను.

మర్నాడు మాంసం కొట్లో హావెట్ గారు ఎదురుపడింది. "కౌన్సిల్ వాళ్లకైనా మనసుంది. మీకుంటే అసలు అడిగేవాళ్లే కాదు," అంది. అవునండీ అన్నాను. ఏం చెప్పను? చెబితే ఆవిడ నాకు రుణపడిపోతుంది. అది ఇంకా భరించలేను.

మంచిపని చేశానన్న తృప్తి రవ్వంత కూడా లేదు. మనకి పబ్బు అద్దెకిచ్చిన యజమానులకి నెలాఖరున తాళాలు ఇచ్చేసి, మనం ఉండే పై గదులు ఖాళీ చేసి, మా అక్క దగ్గరికి పోతాను. నువ్వు రాజీనామా ఇవ్వకు. ఇక మనిద్దరికీ తిండి పెట్టేది ఆ ఓడే. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, ఉత్తరం మాత్రం మానకు.

ఇట్లు,
నిన్ను రావద్దని రాస్తున్న నీ భార్య,
గ్లెనిస్