తగిన వ్యక్తిని నేను కాను

ప్రాథమిక విద్యాధికారి గారి సముఖమునకు, తమ కార్యాలయములో గదులు, వరండా, మరుగుదొడ్లు శుభ్రపరచు పనిమనిషి వ్రాసి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చిన్నబడి మరుగుదొడ్డి శుభ్రపరచుటకు ‘తగిన వ్యక్తి’ని నియమించవలెనని తమరు జారీ చేసిన ఉత్తర్వు – సదరు తగిన వ్యక్తి నేనేనని పలువురు నిర్ణయించుట – నా అభ్యంతరము తెలుపుట మరియు ఉత్తర్వు రద్దు కోరుట – గురించి.

పై విషయమై తమరికి సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను తమ కార్యాలయంలో చాలా ఏళ్ళుగా పనిచేయుచున్నాను. తమరికి నా పేరు తెలియదు. అవసరం పడినప్పుడు “ఏమ్మా, సబ్బు అయిపోయింది” అంటారు, నేను తెచ్చి పెడతాను. ఈ అర్జీ ఎవరు రాసిపెట్టారని బంట్రోతు మీద కేకలు వేయనక్కర్లేదు. నేను పదో తరగతి దాకా చదివాను. తమ బల్ల పక్కనున్న బుట్టలోంచి ఉండలు చుట్టిన అర్జీలు ఎత్తి పారేసేది నేనే. పారేసే ముందు విప్పి చదువుతాను. చదివి చదివి “విన్నవించుకొనునది ఏమనగా” నాకు నోటికొచ్చేసింది. దస్తూరి ముత్యాల్లా ఉన్న అర్జీలూ ఆ బుట్టలోనే పడ్డాయి, కోడి కెలికినట్టున్నవీ అందులోనే పడ్డాయి. అందుచేత అందంగా రాయాలనే తాపత్రయం పెట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

2. నా కూతురు చిన్నబడిలో రెండో తరగతి. బడి అంటే ఒక అద్దె ఇల్లు: రెండు గదులు, వరండా, వెనక కాస్త పెరడు. పాతికమంది పిల్లలు, పెద్దక్క, చిన్నక్క అనే ఇద్దరు టీచర్లు. అక్కడ ర్యాంకులు లేవు. పిల్లలు గది కొలిచి లెక్కలు నేర్చుకుంటారు, ఊడిన బొత్తాలు వాళ్ళే కుట్టుకుంటారు. ఇద్దరు కొట్టుకుంటే ఎదురెదురుగా కూర్చుని ఒకరు చెప్పేది ఇంకొకరు చివరిదాకా వినాలి. అది అలవాటై నా కూతురు ఇంట్లో నన్ను కూడా కూర్చోబెట్టి “ఇప్పుడు నీ వంతు, చెప్పు” అంటుంది, అది వేరే బాధ. వరండా గోడ మీద “బుద్ధి, మనసు, చేయి కలిసి ఎదగాలి” అని రాసి ఉంది. పిల్లల్ని చేర్పించేటప్పుడు తల్లిదండ్రులందరూ అది చదివి తలలూపారు. చేయి అంటే మట్టిబొమ్మలు చేసే చేయి వరకే అనుకున్నారు కాబోలు.

3. ఆ బడికి మరుగుదొడ్డి ఒక్కటే. దాన్ని కడగడానికి వంతులున్నాయి. తలుపు పక్కన మేకులు కొట్టిన ఒక చెక్కపలక, ఒక్కొక్కరికీ ఒక బిళ్ళ, చదవడం రాని చిన్నవాళ్ళకి తెలిసేలా బిళ్ళ మీద ఒక బొమ్మ. పెద్దక్కది గొడుగు. నా కూతురిది నత్త. బడిలో దాన్ని అందరూ నత్త అనే పిలుస్తారు. మొదటి మేకుకి ఎవరి బిళ్ళ ఉంటే ఆ రోజు వాళ్ళ వంతు. ఎవరైనా ఎగ్గొడితే పని పెద్దక్క చేసేస్తుంది గాని బిళ్ళ మాత్రం మొదటి మేకుకే వేలాడుతుంది. ఆ దొడ్డి వాడుకున్న ప్రతి మనిషికీ బిళ్ళ ఉంటుంది, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళతో సహా. యాసిడ్ లాంటివి పిల్లల చేతికి ఇవ్వరు. సబ్బునీళ్ళు, చేతికి తొడుగులు, పొడుగు బ్రష్షు, పక్కన ఒక పెద్ద మనిషి. తర్వాత చేతులు కడుక్కుని పాఠానికి పోతారు.

ఎవరో ఒకరిద్దరు పిల్లల్ని ఏరి వాళ్ళచేతే కడిగిస్తే ముందు చెప్పు తీసేది నేనే. నా చిన్నప్పుడు మా బడిలో రోజూ నన్నే పిలిచేవారు, మా అమ్మ పని అదే గనక. అప్పుడు ఏ అధికారి గారూ జీపు దిగలేదు.

4. ఎవరైనా “మీ అమ్మ ఏం చేస్తుంది?” అంటే “ఆఫీసులో” అని చెప్పి ఊరుకోమని నా కూతురికి నేనే నేర్పాను. ఇది తప్పో ఒప్పో తమరి పరిధిలోని అంశం కాదు. అయితే ఆ బడిలో మొదటి వంతు వచ్చిన రోజున అది నేను నేర్పింది మరిచిపోయి, “మా అమ్మ ముందు మూలలు కడుగుతుంది, ఇదిగో ఇలా” అని అందరికీ చూపించిందట. సాయంత్రం బట్టలకొట్టు యజమాని గారి కొడుకు గేటు దగ్గర నన్నాపి, “ఆంటీ, పసుపు మరక పోవాలంటే ఏం చెయ్యాలి?” అన్నాడు. ఇన్నేళ్ళలో నా పని గురించి నన్ను మర్యాదగా ఒక సంగతి అడిగిన మనిషి వాడొక్కడే. వాడికి ఆరేళ్ళు. ఆ రాత్రి నాకు అన్నం ఎక్కువ సయించింది.

5. సదరు పిల్లవాడే ఈ గొడవకి మూలం, పాపం. ఇంట్లో కూడా ఒక పలక కట్టాడు. అట్టముక్కలతో బిళ్ళలు చేశాడు. అమ్మకి గరిటె, నానమ్మకి కుర్చీ, నాన్నకి మీసం. ఇంటికి పెద్దమనుషులొచ్చి భోజనం చేస్తున్న వేళ, “నాన్నా, మీసం మొన్నట్నుంచి వేలాడుతోంది. కడుగుతావా, కడగవా?” అన్నాడట. మర్నాడే తమ బల్ల మీదకి ఆ నాన్నగారి ఫిర్యాదు వచ్చింది. ఏ ఊరి బడికో పైకప్పు కారుతోందని వచ్చిన అర్జీలు నేను ఎన్ని ఎత్తి పారేశానో లెక్కలేదు. ఈ కాగితం మాత్రం బుట్ట మొహం చూడలేదు. వారం తిరక్కుండా జీపెక్కింది.

6. తమరు తనిఖీకి వచ్చిన రోజున నేను సెలవు పెట్టి బడి పెరట్లో నీళ్ళతొట్టి తోముతున్నాను. “ఈవిణ్ణి ఎక్కడో చూసినట్టుందే” అన్నారు. “మన ఆఫీసేనండీ” అన్నాను. తమరు అప్పటికే అటు తిరిగిపోయారు. కళ్ళజోడు సర్దుకుని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మరుగుదొడ్డి గుమ్మం దాకా నడిచారు. అక్కడ సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు.

పిదప జారీ అయిన ఉత్తర్వులో ఇట్లున్నది: “బాలబాలికలచే మరుగుదొడ్డి శుభ్రము చేయించుట అసహ్యకరము, వారి ఆత్మగౌరవమునకు భంగకరము. ఉపాధ్యాయులు చేయుట సైతము వారి హోదాకు తగదు. ఇందు నిమిత్తము తగిన వ్యక్తిని నెలాఖరులోగా నియమించనిచో బడి గుర్తింపు రద్దగును.”

అయ్యా, తమరు ఈ ఉత్తర్వు చెప్పి టైపు కొట్టించిన గదికీ తమ మరుగుదొడ్డికీ నడుమ ఒకటే గోడ. గోడకి ఇవతల నేను మోకాళ్ళ మీద ఉన్నాను. తమరు “అసహ్యకరము” అన్నారు. టైపిస్టమ్మ “మళ్ళీ చెప్పండి సార్” అంది. తమరు మళ్ళీ చెప్పారు. నేను రెండుసార్లు విన్నాను. విని, తమరు వదిలిపెట్టి వెళ్ళింది కడిగాను.

7. తగిన వ్యక్తి కోసం బడి వరండాలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. నెలనెలా జీతమిచ్చి మనిషిని పెట్టుకునే స్తోమత ఆ బడికి లేదు. కాసేపు తర్జనభర్జన పడ్డారు. అప్పుడు బట్టలకొట్టు యజమాని గారు గొంతు సవరించుకున్నారు.

“దీనికింత ఆలోచనెందుకండీ? మనిషి మన దగ్గరే ఉంది కదా.”

అందరూ నావైపు తిరిగారు.

“నత్త వాళ్ళమ్మకి ఇది అలవాటైన పనే. పాప ఫీజు వదిలేద్దాం. ఆవిడకీ సాయం చేసినట్టుంటుంది” అన్నారాయన. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం. బ్యాంకులో పనిచేసే ఒకావిడ “మంచి ఆలోచన” అంది. నా చేయి పట్టుకుని “మీరేం అనుకోరు కదా?” అని కూడా అంది. ఏదో బహుమతి ఇచ్చినట్టు అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

అయ్యా, నేను ఎందరివో కడిగాను. తాగొచ్చినవాళ్ళవి, రోగిష్టివాళ్ళవి, అధికార్లవి. ఏనాడూ నాకు డోకు రాలేదు. ఆ రోజు ఆ శుభ్రమైన వరండాలో, ఉతికిన బట్టల మధ్య కూర్చుని ఉండగా వచ్చింది. ఛీ అనిపించింది. ఆ వెలిగిపోతున్న మొహాలు చూస్తే ఛీ. “తగిన” అనే మాట రాసిన చేయి గుర్తొస్తే ఛీ. దాపరికం దేనికి, ఇప్పుడు రాస్తున్నా ఛీ అనే ఉంది. తమరు ఉత్తర్వులో వాడిన మాటే నేనూ వాడుకుంటున్నాను, అసహ్యకరము.

8. సమావేశంలో నా పక్కనే కూర్చున్న నా కూతురు ఇంటికి వస్తూ దారిలో అడిగింది.

“అమ్మా, అందరూ ఒక్కసారే నీవైపు ఎందుకు తిరిగారు?”

“నా గురించి మాట్లాడుతున్నారు కదే, అందుకు.”

“ఉహూఁ. ఆయన నీ పేరు చెప్పకముందే తిరిగారు.”

దాని చేయి పట్టుకుని గబగబా నడిచాను. తమరి దగ్గర జవాబుంటే రాతపూర్వకంగా తెలియజేయగలరు.

మొన్న మా ఎదురింట్లోకి కొత్తగా దిగినావిడ దాన్ని ముద్దు చేస్తూ “మీ అమ్మ ఏం చేస్తుందమ్మా?” అంది. నా కూతురు “ఆఫీసులో” అని ఊరుకుంది. ఈసారి నేను నేర్పలేదు.

9. పెద్దక్క మా ఇంటికి వచ్చింది. “నిన్ను ఆ పనికి పెట్టుకుని పిల్లలకి ఏ మొహంతో పాఠం చెప్పను? పెట్టుకోను. బడి మూసేస్తాను” అంది. ప్రస్తుతం పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక తనే తలుపేసుకుని, దొంగతనం చేస్తున్నట్టు కడుగుతోంది. ఈ సంగతి రాసినందుకు ఆమె మీద చర్య తీసుకోరని నమ్ముచున్నాను. బడి మూతపడితే నా కూతురు పోవలసింది నేను చదివినటువంటి బడికే. అక్కడ దాన్ని ఏ పనికి పిలుస్తారో నాకు తెలుసు. మూయకుండా నిలబెట్టాలంటే నేను తగిన వ్యక్తిని కావాలి. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. రెండూ తవ్వింది తమ ఉత్తర్వే.

కావున తమరు దయతలచి,

(అ) సదరు ఉత్తర్వును నెలాఖరులోగా రద్దు చేసి, పిల్లల వంతులు పిల్లలకి, టీచర్ల వంతులు టీచర్లకి తిరిగి ఇప్పించవలెను.

(ఆ) రద్దుకి మనసొప్పనిచో, ఆత్మగౌరవము అనునది ఏ వయసు దాకా ఉండును, ఎవరెవరికి ఉండును, తమ కార్యాలయములో ఎన్నో గది దగ్గర ఆగిపోవును అనునవి వివరిస్తూ మరొక ఉత్తర్వు ఇప్పించవలెను. గోడకి ఇవతల నేనెలాగూ ఉంటాను, చెప్పేటప్పుడు కొంచెం గట్టిగా చెప్పండి.

(ఇ) ఏది ఎట్లున్ననూ తగిన వ్యక్తిని నియమించు కాగితములో నా పేరు రాయరాదు. ఈ ఆఫీసులో కడుగుతాను, అది నా ఉద్యోగం. నా కూతురు చూస్తుండగా, దాని స్నేహితులు పాఠం చదువుకుంటుండగా, “నీకు అలవాటే కదా” అని చీపురు చేతికిస్తే పట్టుకోను. ఇందుకు ఉద్యోగం తీసేస్తారా, తీసేయండి. ఆ పైన తమ దొడ్డికి తగిన వ్యక్తిని తమరే వెతుక్కుందురు గాని.

ఈ నా మనవి తమరు చిత్తగించవలెను. చిత్తగించిన పిదప ఉండ చుట్టి బుట్టలో పడేయదలిస్తే, ఆ బుట్ట ఎత్తేది నేనేనని గుర్తుంచుకోవలెను. తీసి, చేత్తో సాపు చేసి, మళ్ళీ తమ బల్ల మీదే పెడతాను.

ఇట్లు,
రేపు పొద్దున్న కూడా తమ గది ఊడ్చబోవు
తమ విధేయురాలు

తా.క.: ఈ సంగతి రాయకూడదనే అనుకున్నాను, కానీ కూతురు రాయమని పక్కనే కూర్చుంది.

తనిఖీ ముగించుకుని వెళ్ళబోతూ తమరు బడి మరుగుదొడ్డిలోకి వెళ్ళారు. వచ్చేటప్పుడు నీళ్ళు పోయలేదు. నేరుగా జీపెక్కారు. ఆఫీసులో నాకది మామూలే. బడిలో ఆ రోజు నత్త వంతు. అది లోపలికి తొంగిచూసి, “పాపం ఆ తాతగారు మర్చిపోయినట్టున్నారు, పిలుచుకొస్తా” అని గేటు దాకా పరిగెత్తింది. జీపు వెళ్ళిపోయింది. తిరిగొచ్చి అదే కడిగింది. కడిగి, చేతులు తుడుచుకుని, ఒక బిళ్ళ మీద కళ్ళజోడు బొమ్మ వేసి మొదటి మేకుకి తగిలించింది.

తమరి ఉత్తర్వు వచ్చాక బిళ్ళలన్నీ తీసి పెట్టెలో పెట్టేశారు. గొడుగు, నత్త, అన్నీ. కళ్ళజోడు మాత్రం తీయలేదు. తమరు పిల్లలూ కారు, టీచరూ కారు, కాబట్టి ఉత్తర్వు తమరికి వర్తించదని పెద్దక్క అంది. బోసిపోయిన పలక మీద ఇప్పుడు అదొక్కటే వేలాడుతోంది. “ఆ తాతగారు ఎప్పుడొస్తారు?” అని నా కూతురు రోజూ అడుగుతోంది. వస్తారనే అనుకుంటోంది.

రండి. సబ్బు ఉంది, నేనే పెట్టాను.