ఎర్ర లైటు

సుగుణక్కా,

నువ్వు పోయిన నెలన్నరకు ఇవాళ నీ మంచం మీదికి కొత్తమ్మాయి వచ్చింది.

మన దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో ఇప్పుడు ఎనిమిది డయాలసిస్ మిషన్లకు ఒక్కడే టెక్నీషియన్. మోతకు పేషెంట్లు పరేషాన్ అవుతున్నారని మిషన్ల సౌండు కూడా తీసేశారు. ఏదైనా తేడా వస్తే పైన ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే. "లైటొస్తే పిలువున్రి, ఒస్తా" అంటాడు. మొన్న శనివారం నాకు బీపీ పడిపోయింది. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. అతను వేరే పని మీద అటు వచ్చాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనిద్దరం వంతులేసుకుని పడుకునేవాళ్లం. నీ మిషన్ నేను చూసేదాన్ని, నా మిషన్ నువ్వు చూసేదానివి.

కొత్తమ్మాయికి ఇదే మొదటిసారి. ఎల్బీ నగర్ నుంచి ఒక్కతే వచ్చింది. "ఆంటీ, జర పండుకోవచ్చా?" అని అడిగింది.

"పండుకో బిడ్డా, నీ లైటు నేను చూస్త" అన్నాను.

నాది కూడా చూడమని అడగబోయి, భయపడుతుందేమోనని ఆగిపోయాను. ఆమె తల గోడవైపు తిప్పుకుని నిద్రపోయింది.

నా మిషన్ నా తల వెనకాల ఉంటుంది కదక్కా. దాని లైటు నీ మంచం మీది నుంచే కనబడుతుంది.