మావయ్య సంతకం

మంగళవారం, డెలానీపూర్

మణికట్టు ఇంకా గుంజుతోంది. మా దీవుల్లో దొరికే పడౌక్ చెక్క మీద చాతం రేవు ఫెర్రీ పడవ బొమ్మ ఇవాళ్టికి పూర్తయింది. ఈ ఇంట్లో అచ్చుబొమ్మ ఎవరు చెక్కినా కింద మావయ్య సంతకమే ఉంటుంది. ఆయన చెయ్యి వణకడం మొదలైన దగ్గర్నుంచీ బొమ్మా నేనే చెక్కుతున్నాను, ఆయన సంతకమూ నేనే చెక్కుతున్నాను.

పొద్దున బొమ్మలు కొనడానికొచ్చిన డ్రాయింగు మాస్టారు ఒక సంగతి చెప్పాడు. పూర్వం యూరప్‌లో రాగి రేకుల మీద బొమ్మలు చెక్కే కుటుంబాలు ఉండేవట. తమ్ముళ్లు, కొడుకులు చెక్కినవి కూడా ఒక్కోసారి ఇంటి పెద్ద పేరు మీదే పోయేవట.

"మరి కోడళ్లు చెక్కినవో?" అన్నాను.

"పతా నహీ, దీదీ" అన్నాడు, తనకి తెలీదని.

ఆ మాటే రోజంతా బుర్రలో తిరిగింది. అందుకే కాబోలు, చివర్లో నా పేరు చెక్కేశాను. సిరా పూసి కాగితం మీద అద్దితే పేరు తిరగబడి పడింది. మావయ్య సంతకమైతే కళ్లు మూసుకుని తిరగేసి చెక్కుతాను. నా పేరు మాత్రం నోటుబుక్కులో రాసుకున్నట్టే చెక్కాను.

దాచేలోపే మావయ్య చూశారు. గడ్డం గీసుకునే అద్దం తెచ్చి, కాగితం ముందు పట్టుకుని, "పార్వతి" అని చదివారు. పెళ్లై ఇన్నేళ్లకి ఆయన నోట నా పేరు వినడం ఇదే మొదలు.

"చెక్కలో ఆ మేర తొలిచి కొత్త ముక్క అతికించమ్మా" అన్నారు.

దాని మీద ఎవరి పేరు చెక్కాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. ముక్క అతికించి వచ్చాను. పొద్దుటికి జిగురు ఆరిపోతుంది.