ఒక్క గాయమూ లేని క్యాంపు

7 మే 1969, బుధవారం. చేవెళ్ల

సిటీలో గ్రౌండ్లు బంద్. ఫ్యాక్టరీ వాళ్లు మా ఫుట్‌బాల్ క్యాంపును చేవెళ్లకు మార్చారు. తెలంగాణ ఉద్యమం మొదలైనప్పట్నుంచీ ఇక్కడి బడి సరిగ్గా నడవలేదట. బెంచీలు ఒక పక్కకు నెట్టి క్లాసుగదుల్లోనే పడుకుంటున్నాం.

కొడుకు ఇంటి దగ్గరికి వచ్చాడని మొయినాబాద్‌లో అమ్మ సంతోషపడింది. నాకు సంతోషం లేదు. ఆమె కొడుకు ప్రేమదాసు ఫ్యాక్టరీలో ఇంకా టెంపరరీయేనని ఇప్పుడు ఊరంతా చూస్తుంది.

జులైలో టోర్నమెంట్. అది అయ్యాక పర్మనెంట్ లిస్టు. నాకు ఇరవై తొమ్మిది నడుస్తోంది. ఈసారి లిస్టులో పేరు లేకపోతే ఇక ఉండదు.

8 మే

కొత్త కోచ్ ప్రభాకర్ సార్ కోచింగ్ కోర్సు చేసి వచ్చాడు. పొద్దునంతా పరుగు. సాయంత్రం ఫుల్ టాకిల్‌తో ప్రాక్టీస్ మ్యాచ్.

పాత కోచ్ సాముయేలు మాస్టర్ మాకు చిన్న పాసుల ఆట నేర్పాడు. బంతిని ఉరికియ్యుండ్రి, మీరెందుకు ఉరుకుతరు అనేవాడు. బంతి మా దగ్గర ఆగేదే కాదు, అందుకని ఎవడి కాలూ మా కాలికి తగిలేది కాదు. మ్యాచ్ ముందురోజు గ్రౌండ్ మొహం కూడా చూడనిచ్చేవాడు కాదు. ప్రభాకర్ సార్ లెక్కలో అది ముసలోళ్ల ఆట. మనిషికి మనిషి అతుక్కోవాలట. బంతి పోయినా ఫరవాలేదు, మనిషి మాత్రం పోకూడదట.

ఆయన చెడ్డవాడు కాదు. మాతోపాటే పరుగెత్తుతాడు, మాతోపాటే తింటాడు. నోరారా తిట్టుకుందామన్నా కుదరదు.

13 మే

గ్రౌండంతా గరుకు మొరం మట్టి. ఎండకు గట్టిపడింది. పడితే తోలు లేస్తుంది, పడకపోతే మోకాలు అదురుతుంది. నా ఎడమ మోకాలి లోపల ఏదో పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

పోయిన సీజన్‌లో మా టీంలోని కుర్మయ్య చీలమండ నొప్పిగా ఉందని నోరు జారాడు. పేరు పక్కన ఇంజూర్డ్ అని రాశారు. టెంపరరీ మనిషి ఇంజూర్డ్ అయితే ఇంక ఫ్యాక్టరీకి వాడెందుకు? ఇప్పుడు శంకర్‌పల్లి స్టేషన్లో కూరగాయల గంపలు రైలెక్కిస్తున్నాడు.

15 మే

మల్లేశ్ ఉపాయం చెప్పాడు. మా రైట్ బ్యాక్. ఈ చేవెళ్లవాడే, నాకంటే చిన్నవాడు. నొప్పని అనకు అన్నా, జరమొచ్చిందని చెప్పు అన్నాడు. జరమైతే రెండు దినాలు పండుకోనిస్తరు, పేరు మీద మచ్చ పడదు అన్నాడు. వాడి చీలమండ సొరకాయలా వాచి ఉంది. దాన్ని దుప్పటి కింద దాచుకుని ఎంత చక్కగా మూలిగాడో!

నేనూ జ్వరమన్నాను. సార్ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఎండలో పరుగెత్తి వచ్చిన ఒళ్లు, కాలుతూనే ఉంది.

19 మే

సగం టీంకు జ్వరం.

22 మే

సార్‌కు ఫికర్ పట్టుకుంది. ఇక్కడి నీళ్లు మంచివి కావని తానే పొయ్యి ముందు కూర్చుని కాచి, గుడ్డతో వడపోస్తున్నాడు. మలేరియా మాత్రలు తెప్పించి, మమ్మల్ని వరసలో నిలబెట్టి మింగించాడు. విషంలా చేదు. తొడ కండరం పట్టేసినవాడూ, గజ్జల్లో పీకుతున్నవాడూ బుద్ధిగా నోరు తెరిచారు. మల్లేశ్ నాకు కన్ను కొట్టాడు. మాత్ర గొంతులో ఉండగానే నవ్వొచ్చి పొలమారింది. ఇక్కడికి వచ్చాక నవ్వింది ఈరోజే.

25 మే

వంట చేసే గోపమ్మను సార్ పనిలోంచి తీసేశాడు. ఆమె తెచ్చే నీళ్ల వల్లే మా జ్వరాలని ఆయన తేల్చాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది. ఇన్నేండ్లల్ల నా చేతికూడు తిన్నోళ్లకు కడుపునొప్పన్న రాలే, గీ జరం ఎట్లొచ్చింది బిడ్డా, నువ్వన్న చెప్పు అంది.

బూటు లేసులు కట్టుకుంటూ తల దించుకుని కూర్చున్నాను. చెబితే అందరి కాళ్లూ బయటపడతాయి. నాది అందరికంటే ముందు. ఆమె వెళ్లిపోయింది. ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. అయినా విజిల్ వినబడగానే లేచి గ్రౌండ్‌లోకి వెళ్లాను.

28 మే

ఫ్యాక్టరీకి పంపే రిపోర్ట్‌ను సార్ మాకు చదివి వినిపించాడు. ఇంత కఠినమైన శిక్షణలోనూ ఒక్క గాయమూ కాలేదని, ఆటగాళ్ల కాళ్లు ఉక్కులా తయారయ్యాయని రాశాడు. పాపం, నిజంగానే గర్వపడుతున్నాడు. మేం చప్పట్లు కొట్టాం.

గాయాలు లేవు కాబట్టి రేపట్నుంచి మధ్యాహ్నం కూడా ప్రాక్టీస్.

1 జూన్, ఆదివారం. మొయినాబాద్

చర్చికని ఇంటికి వచ్చాను. చర్చి మెట్లు దిగుతుంటే అమ్మ వెనక నుంచి నా నడక చూసింది. గీ కాలుతోటి ఎన్ని దినాలు ఆడుతవురా అంది. లిస్టు వచ్చేదాకా అన్నాను. లిస్టు వచ్చినంక కాలెక్కడ తెచ్చుకుంటవు అంది.

అన్నం తిని సాయంత్రం బస్సుకు బయల్దేరాను.

4 జూన్. చేవెళ్ల, దవాఖాన

అయిపోయింది.

సార్ సిటీకి వెళ్లి కర్ఫ్యూలో చిక్కుకున్నాడు. తాను లేకపోయినా మ్యాచ్ ఆపొద్దని చెప్పి వెళ్లాడు. మేం ఆపలేదు. ఆపుదామని అనేవాడికి జ్వరం లేదన్నమాట, నొప్పి ఉందన్నమాట. అందుకని ఎవరూ అనలేదు.

మూడో పూట ఆట. బంతి నా ఎడమ కాలి దగ్గర ఉంది. పాత రోజుల్లోనైతే అది అప్పటికే ఇంకొకడి దగ్గర ఉండేది. ఇప్పుడు మనిషికి మనిషి అతుక్కుని ఉన్నాడు, ఇవ్వడానికి ఎవడూ ఖాళీగా లేడు. మల్లేశ్ టాకిల్‌కు వచ్చాడు. వాడు మొరటు ఆటగాడు కాదు. కాళ్లు బాగున్నప్పుడు బంతిని మాత్రమే తీస్తాడు, మనకు గాలి కూడా తగలదు. ఈరోజు ఆ చీలమండతో వాడు ఆలస్యంగా వచ్చాడు. నా మోకాలు ఇంకా ఆలస్యంగా తిరిగింది. వాడు అలసిపోకుండా ఉంటే తగిలేవాడు కాదు, నేను అలసిపోకుండా ఉంటే తప్పుకునేవాణ్ని. ఇద్దరం చచ్చి ఉన్నాం. లోపల గుడ్డ చిరిగినట్టు అయింది. మల్లేశే నన్ను మొదట పట్టుకున్నాడు. నాకంటే గట్టిగా అరిచింది కూడా వాడే.

ఎడ్లబండి మీద తీసుకొచ్చారు. ఇక్కడ వరండా అంతా జనం. పొద్దున ఉద్యమం ఊరేగింపును పోలీసులు లాఠీలతో చెదరగొట్టారట. నన్నూ వాళ్ల మధ్యనే చాప మీద పడుకోబెట్టారు. డాక్టర్ మోకాలిని అటూ ఇటూ ఊపి చూసి, కార్టిలేజ్ పోయింది, లిగమెంట్ పోయింది, ఇక ఆట సంగతి మర్చిపో అన్నాడు. అని పక్కవాడి తల చూడ్డానికి వెళ్లాడు.

11 జూన్. మొయినాబాద్

ఫ్యాక్టరీ నుంచి ఒక ఆఫీసర్, ఆయన వెనకే ప్రభాకర్ సార్ వచ్చారు. ఆఫీసర్ నులకమంచం పక్కన నిలబడే అడిగాడు. క్యాంపులో ఒక్క గాయమూ లేదని రిపోర్ట్ ఉంటే నీ ఒక్కడి కాలు ఎలా పోయింది? ఊరేగింపు జరిగిన రోజే, దవాఖానలో ఆ దెబ్బలు తిన్నవాళ్ల మధ్యే నువ్వెందుకున్నావు? ప్రాక్టీస్ మ్యాచ్‌లో పోయిందన్నాను. చాలా రోజుల నుంచి నొప్పిగానే ఉందన్నాను.

సార్ నా ముఖంలోకి చూశాడు. నాకు జరమనే చెప్పినవ్ గద ప్రేమదాస్ అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. పాపం, జ్వరానికి ఆయన నీళ్లు కూడా కాచాడు.

టీంలో ఎవరినైనా అడగండి అన్నాను.

13 జూన్

అడిగారట. ఎవరూ చూడలేదట.

14 జూన్

మల్లేశ్ వచ్చాడు. అమ్మ పీట వేసినా గడప దాటలేదు. నిజం చెప్తే నా చీలమండ ముచ్చట బయటికొస్తదన్నా, అందరియి వస్తయి, గా లిస్టుల ఒక్కడు మిగలడు అన్నాడు. మోకాళ్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. వాళ్లకు పొలముంది, మోటబావి ఉంది. అయినా ఉద్యోగం ఉద్యోగమే.

వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. గోపమ్మ గుర్తొచ్చింది. కోపం రాలేదు. కుంటుకుంటూ వెళ్లిపోతుంటే, కాలు నేల మీద ఆనించకురా అని కేక వేసి చెప్పాను.

21 జూన్

ఉద్యోగంలోంచి తీసేశారు. ఉద్యమంలో పాల్గొన్నందుకట.

నేను ఒక్క జెండా పట్టలేదు. ఒక్క నినాదం చెయ్యలేదు. లిస్టు పోతుందన్న భయంతో ఉద్యమం ఉన్న వీధిలోకే వెళ్లలేదు. అమ్మ మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసింది. నేను ఆమెన్ అనలేదు. ఏడుపు ఆగలేదు.

24 జూన్

ఉద్యమం పిల్లలు వచ్చారు. పోలీసు లాఠీ దెబ్బకు నా కాలు పోయింది, ఆపై నౌకరీ కూడా తీసేసిండ్రని ఊరంతా అనుకుంటున్నదట. కుర్చీతో సహా ఎత్తి చౌరస్తాకు తీసుకెళ్లారు. పూలదండ వేశారు. కాదనలేదు. ఫోటో తీసేవాడు కాలు కనబడేటట్టు జర జరగమన్నాడు.

జరిగాను.