నీ చెవి అచ్చు

రేణూ,

నువ్వు ఎదురుచూసిన చెవి మిషన్ ఈ రోజు వచ్చింది. దాన్ని ఏం చేయాలో శుక్రవారంలోగా చెప్పమన్నారు, అందుకే నీకు రాస్తున్నాను. మన ఇంట్లో సంతకం పెట్టగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి నాచారం బడికి నన్నే పిలిచారు.

ఉప్పల్ క్యాంపులో నీ చెవిలో గులాబీ రంగు ముద్ద పెట్టి అచ్చు తీశారు, గుర్తుందా? పూరీ పిండి కూరుతున్నారని సైగ చేసి నవ్వావు. ఆ కొలతకే చేసిన చెవి అచ్చు తగిలించి వచ్చింది మిషన్. వానాకాలంలో నువ్వు జ్వరంతో పోయిన సంగతి మిషన్ పంపినవాళ్లదాకా చేరలేదు.

"అచ్చు ఇంకెవరికీ సరిపోదమ్మా, మీరే ఉంచుకోండ్రి. మిషన్ మాత్రం చిల్కానగర్ పిల్లకు పనికొస్తది. నువ్వు సరే అంటెనే ఇస్త" అన్నారు మీ స్పెషల్ టీచర్. ఆ పిల్ల ఇప్పుడు బెంచీ మీద నీ చోటే కూర్చుంటోంది. వెనక నుంచి పిలిస్తే నీలాగే తిరిగి చూడదు.

అమ్మకు చూపిద్దామని రెండూ ఇంటికి తెస్తే, అమ్మ అచ్చును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిమిరింది.

"అచ్చం నా బిడ్డ చెవే గదనే! గిప్పుడొచ్చి ఏం జేస్తది గీ మిషన్?"

తర్వాత మిషన్‌ను కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "ఆ పిల్లకన్న ఇనబడనీ. గని, ముందు మన రేణునడుగు" అంది.

మిషన్ పెట్టుకున్నాక మొట్టమొదట బాపు పనిచేసే కంపెనీ సైరన్ వింటానన్నావు. శుక్రవారం పొద్దున ఆ సైరన్ మోగేలోపు చెప్పు. చేతి సైగ చాలు.

అక్క