డిక్కీలో బూట్లు

మాస్టారూ,

యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. సీజన్ మొదట్లోనే నా మోకాలు దెబ్బతింది కాబట్టి కాలేజీ తరఫున ఆడే ఏళ్ల లెక్కలోకి నిరుటి ఏడాది రాదట. ఇంకో సీజన్ ఫుట్‌బాల్ ఆడొచ్చట.

నిరుడు భీమవరంలో ఫైనల్ రోజున, ఐదు నిమిషాలైనా ఆటలోకి దింపమని మిమ్మల్ని బతిమాలాను. మీరు నా బూట్లు లాక్కుని మీ స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత మీతో మాట్లాడలేదు. మీరు పోయిన రోజు కూడా రాలేదు.

"ఆ ఫైనల్లో దిగుంటే ఆ ఏడాది లెక్కలోకి వచ్చేసేది, ఈ ఛాన్స్ ఉండేది కాదు బాబూ" అన్నాడు ఇవాళ కాలేజీ గుమాస్తా. మీకా రూలు తెలుసన్నమాట. ఒక్క మాట చెప్తే ఏం పోయేదండీ?

సాయంత్రం మీ ఇంటికి వెళ్లాను. అమ్మగారు డిక్కీ తెరిచి, "నువ్వొస్తావని ఎవర్నీ తీయనివ్వలేదయ్యా" అన్నారు.

బూట్లకు కొత్త లేసులు కట్టి ఉన్నాయి.